చార్టర్ స్కూల్‌లో సీటు రాకపోతే పాప వెనకబడిపోతుందా?

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఉంటాం. మంచి పేరున్న చార్టర్ స్కూల్ (ప్రభుత్వ డబ్బుతో వేరే సంస్థలు నడిపే ఉచిత బడి) లాటరీలో మా పాపకు ఆరో తరగతి సీటు రాలేదు, వెయిటింగ్ లిస్టులో ఉంది. తెలిసినవాళ్ల పిల్లలందరికీ వచ్చింది. ఒకటే టెన్షన్. – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది సీటు గురించే అయినా మీ భయం పాప భవిష్యత్తు గురించి. ముందు దాని సంగతే చూద్దాం.

న్యూయార్క్ హార్లెంలోని ప్రామిస్ అకాడమీ అనే చార్టర్ స్కూల్ లాటరీలో పేరు వచ్చిన పిల్లల్నీ రాని పిల్లల్నీ ఆరేళ్ల తర్వాత ఇద్దరు ఆర్థికవేత్తలు, విల్ డాబీ, రోలండ్ ఫ్రయర్ పోల్చి చూశారు. 2015లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, సీటు వచ్చినవాళ్లలో కాలేజీలో చేరినవారు 14 శాతం పాయింట్లు ఎక్కువ. ఆడపిల్లలు టీనేజీలోనే గర్భవతులవడం, మగపిల్లలు జైలుపాలవడం తగ్గాయి. చాలా పెద్ద మేలే. కానీ అది పేదరికం మధ్య పెరిగిన పిల్లలకు దొరికిన ఆసరా. మీ ఇంట్లో రాత్రిపూట పాప పక్కన కూర్చుని లెక్కలు చూసేవాళ్లున్నారు. అక్కడి ఫలితం మీ పాపకు అంతే వర్తిస్తుందని నేను అనుకోను.

మీ టెక్సస్ సంగతే చూడండి. అక్కడి చార్టర్ స్కూళ్లనూ వాళ్లిద్దరే పరిశీలించారు. 'నో ఎక్స్‌క్యూజెస్' పద్ధతిలో గట్టి క్రమశిక్షణతో నడిచేవాటిలో మార్కులు పెరిగాయి, నాలుగేళ్ల కాలేజీలో చేరడం పెరిగింది. పెద్దయ్యాక సంపాదనలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. మిగతా చార్టర్లలో చదివినవాళ్లకు మార్కులూ సంపాదనా రెండూ తగ్గాయి. కాబట్టి బోర్డు మీద పేరు చూసి పరుగెత్తకండి. హ్యూస్టన్‌లో 1994లో మొదలైన 'కిప్' అనే చార్టర్ స్కూళ్ల సంస్థ బడుల్లో కూడా మిడిల్ స్కూల్, హైస్కూల్ రెండూ అక్కడే చదివినవాళ్లలోనే డిగ్రీ పూర్తిచేసినవారు బాగా పెరిగారు. మిడిల్ స్కూల్ ఒక్కటే అయితే ప్రయోజనం అంతంతమాత్రం. రేపు సీటు వచ్చినా పన్నెండో తరగతి దాకా అక్కడే ఉంచగలరా?

ఒక్క మాట కటువుగానే చెబుతాను. "వాళ్ల అమ్మాయికి వచ్చింది, నీకు రాలేదు" అని పాప ముందు అనకండి. లాటరీలో పేరు రాకపోతే అది పిల్ల తప్పా? పదకొండేళ్ల పిల్ల ఆ మాటను ఫెయిలయ్యానన్నట్టే తీసుకుంటుంది. తెలిసినవాళ్ల పిల్లలతో పోలిక ఇవాళే మానేయండి.

ఇప్పుడు చేయాల్సిన పని వేరే ఉంది. టెక్సస్‌లో 2023 నాటి చట్టం ప్రకారం, ఐదో తరగతిలో రాష్ట్రం పెట్టే స్టార్ (STAAR) పరీక్ష లెక్కల్లో పై 40 శాతంలో ఉన్న పిల్లల్ని ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో చేర్చాలి. ఎనిమిదో తరగతికల్లా ఆల్జీబ్రా అందేలా పెట్టిన ఏర్పాటిది. మీ దగ్గరి పబ్లిక్ స్కూల్ కౌన్సెలర్‌ని కలిసి, పాప పేరు అందులో ఉందో లేదో ఈ వారమే కనుక్కోండి.