‘అప్పటి కాలం అట్లాంటిది’ అంటే సరిపోతుందా?

“ఇంటర్ చదివే మా బాబుకు పాత హాలీవుడ్ క్లాసిక్స్ చూపిద్దామంటే, వాటిలో నల్లజాతివాళ్లను, ఆసియావాళ్లను చూపించిన తీరు ఇబ్బందిగా ఉంది. అప్పటి కాలం అట్లాంటిదని సర్దుకోవాలా, అసలు చూపించడమే మానేయాలా?” అని ఒకరు నన్ను అడిగారు.

నేను హన్మకొండలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్తాను. సిలబస్‌తో సంబంధం లేకుండా శనివారం మధ్యాహ్నాలు సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ పెట్టి పాత సినిమాలు వేస్తుంటాను. పిల్లలు చాలామంది ములుగు, ఏటూరునాగారం, పరకాల, జనగామ వైపు నుంచి వచ్చేవాళ్లే. వాళ్ల మధ్య కూర్చుని చూసినవాడిగా నా జవాబు ఇది: చూపించడం మానకండి. కానీ ‘అప్పటి కాలం అట్లాంటిది’ అని మాత్రం చెప్పకండి. అందులో సగం అబద్ధం ఉంది.

‘గాన్ విత్ ద విండ్’ (1939) తీసుకుందాం. అమెరికా దక్షిణాదిలో బానిసత్వం ఉన్న రోజుల్లో మొదలయ్యే కథ. విందుకు తయారవుతున్న భూస్వామి కూతురు స్కార్లెట్ మంచం కోడు పట్టుకుని నిలబడితే, ఆమెను పెంచిన నల్లజాతి బానిస మామీ వెనక నుంచి నడుముకు తాళ్లు బిగిస్తూ, అక్కడికి పోయి నలుగురి ముందు ఎగబడి తినకుండా ఇంట్లోనే తినిపొమ్మని కసురుతుంది. మా హాల్లో ఎప్పుడు వేసినా అక్కడ నవ్వులే. మా ఇండ్లల్ల నాయనమ్మలు ఇట్లనే కసురుతారు మరి. ఒకసారి సినిమా అయిపోయి లైట్లు వేశాక పరకాల అమ్మాయి ఒకామె లేచి అడిగింది: “సార్, ఆ మామీ అసలు పేరేంది? పెండ్లయిందా? పిల్లలున్నరా?”

దాదాపు నాలుగు గంటల సినిమాలో దీనికి ఎక్కడా జవాబు లేదు. స్కార్లెట్ మూడు పెళ్లిళ్లూ చూస్తాం. మామీకి మాత్రం ఆ ఇల్లే లోకం. అమెరికా అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం పోయాక కూడా ఆమె ఆ ఇంటివాళ్లనే పట్టుకుని ఉంటుంది, అదే తన ఇష్టమన్నట్టు. ఆ అమ్మాయి ఒక్క ప్రశ్నతో పట్టుకున్నది ఇదే. తిట్టో ఎగతాళో అయితే ఎవరికైనా కనబడుతుంది. ఇంత ప్రేమగా చూపించిన మనిషికి తనదంటూ జీవితమే లేకపోవడం అంత తొందరగా కనబడదు.

మామీగా వేసిన హాటీ మెక్‌డానియల్ తండ్రి స్వయంగా బానిసగా పుట్టినవాడు. 1939 డిసెంబరులో అట్లాంటాలో ప్రీమియర్ జరిగితే, జార్జియా రాష్ట్రపు వర్ణవివక్ష చట్టాల వల్ల ఆమె పోలేకపోయింది. 1940 ఫిబ్రవరిలో ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ అందుకుంది. ఆ బహుమతి గెలిచిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమే. అయితే వేడుక జరిగిన లాస్ ఏంజిల్స్ హోటల్లోకి నల్లజాతివాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. నిర్మాత సెల్జ్‌నిక్ పూనుకుని ఒప్పిస్తే రానిచ్చారు గానీ, తోటి నటుల దగ్గర కాదు, గోడవారగా విడిగా వేసిన చిన్న టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. 1952లో చనిపోతే, ఆమె కోరుకున్న హాలీవుడ్ శ్మశానంలో పూడ్చడానికి కూడా ఒప్పుకోలేదు. ఇదంతా సినిమాకు ముందు చెప్పొద్దు, చూశాకే చెప్పండి. ముందే చెప్తే పిల్లలు సినిమా చూడరు, తప్పులు వెతుకుతారు.

ఇక ‘అప్పటి కాలం’ సంగతి. 1915లో వచ్చిన ‘ద బర్త్ ఆఫ్ ఎ నేషన్’లో తెల్లవాళ్లే ముఖానికి నల్లరంగు పూసుకుని నల్లవాళ్లను మృగాల్లా చూపించారు, నల్లవాళ్లపై దాడులు చేసే తెల్లవాళ్ల రహస్య ముఠా కు క్లక్స్ క్లాన్‌ను వీరులను చేశారు. అది విడుదలైన ఏడాదే నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ దాన్ని ఆపాలని ఊరూరా పోరాడింది. అదే ఏడాది చివర, ఎన్నడో చల్లారిపోయిన క్లాన్ మళ్లీ లేచింది. 1939లో బ్రిటిష్ సైనికులను వీరులుగా, మనవాళ్లను చులకనగా చూపించిన ‘గంగా దీన్’ వస్తే బెంగాల్‌లో, బొంబాయిలో నిషేధించారు, అప్పటికి మనకింకా స్వాతంత్ర్యమే రాలేదు. కాబట్టి ఆ రోజుల్లో ఎవరికీ తెలియక అట్లా తీశారనుకోవడానికి లేదు. తెలిసినవాళ్లు గట్టిగానే చెప్పారు, వినాల్సినవాళ్లు వినలేదు.

‘ద గుడ్ ఎర్త్’ (1937) కథ ఇంకా ఘోరం. చైనా రైతుల కథ. లాస్ ఏంజిల్స్‌లోనే పుట్టి పెరిగిన చైనీస్ అమెరికన్ తార అన్నా మే వాంగ్ అందుబాటులో ఉంది. కానీ హీరో వేషం తెల్లవాడైన పాల్ మునికి ఇచ్చారు. జాతులు కలిసిన జంటను చూపించకూడదని అప్పటి సెన్సార్ నియమావళి. దాంతో భార్య వేషం కూడా తెల్లామె లూయీజ్ రైనర్‌కే పోయింది, దానికి ఆస్కార్ కూడా వచ్చింది.

ఇవన్నీ విని, తాడ్వాయి వైపు కోయ పిల్లవాడు ఒకడు తిరిగి నన్నే అడిగాడు: “మరి మన సినిమాలల్ల కోయదొర సంగతేంది సార్?” తలకు ఈకలు, మెడనిండా పూసలు, చేతిలో కర్ర, నోట్లో వచ్చీరాని తెలుగు. హీరో మారువేషం వేయాలంటే ఇదే వేషం. “మా తాత గట్ల ఎన్నడు లేడు. పంచె, తువ్వాల, గంతే” అన్నాడు. మేడారంలో చిలుకలగుట్ట మీది నుంచి సమ్మక్కను తెచ్చే కోయ పూజారులను చూసినవాళ్లెవరికైనా ఆ సినిమా కోయదొర ఎక్కడివాడో అర్థం కాదు. మన యాస సంగతీ అంతే. ఏండ్ల తరబడి రౌడీకి, పనిమనిషికి, కామెడీకి తప్ప తెలంగాణ మాట పెట్టలేదు. అది వింటూ పెరిగినవాళ్లం కాబట్టేనేమో, మామీ విషయం మా పిల్లలకు నేను పెద్దగా వివరించాల్సిన పని పడలేదు.

అన్నిటినీ ఒకే గాటన కట్టను. ‘ద పార్టీ’ (1968)లో ఇంగ్లీషు నటుడు పీటర్ సెల్లర్స్ గోధుమరంగు పూసుకుని బక్షీ అనే భారతీయుడిగా వేశాడు. రంగు తప్పే, యాసా అంతే. అయినా ఆ విందులో మర్యాదస్తుడు అతనొక్కడే, పైగా నాకిప్పటికీ నవ్వొస్తది. ‘బ్రేక్‌ఫస్ట్ ఎట్ టిఫనీస్’ (1961)లో తెల్ల నటుడు మికీ రూనీ పెట్టుడు పండ్లతో వేసిన జపానీయుడి దగ్గర మాత్రం మా హాల్లో ఎవ్వరూ నవ్వరు. ఆ సీన్లు సినిమాకు మచ్చే, తీసేసినా కథకు పోయేదేం లేదు.

మీ బాబుకు ముందుగా 1967 నాటి ‘ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్’ వేయండి. అందులో తెల్ల భూస్వామి చెంప మీద కొడితే, నల్లజాతి డిటెక్టివ్‌గా వేసిన సిడ్నీ పాయిటియర్ మరుక్షణమే తిరిగి కొడతాడు. మా దగ్గర అక్కడ ఈలలు పడ్డాయి. మరుసటి వారం ‘గాన్ విత్ ద విండ్’ పెట్టండి. 2020లో ఒక స్ట్రీమింగ్ సంస్థ దాన్ని కొన్నాళ్లు తీసేసి, సినీ పండితురాలు జాక్వెలిన్ స్టీవర్ట్ పరిచయం జోడించి మళ్లీ పెట్టింది. ఆ పరిచయం దొరికితే సినిమా అయ్యాక వేయండి. సినిమాను ఒక్క రోజులో ముగించాలని చూడకండి, మధ్యలో విరామం దగ్గర ఆపి మిగతాది మర్నాడు చూడండి. ‘బర్త్ ఆఫ్ ఎ నేషన్’ మాత్రం ఇప్పుడే వద్దు, డిగ్రీకి వచ్చాక పక్కన కూర్చుని చూడండి.