మోకాలి వెనక గట్టి గడ్డ, నొప్పి లేదు. కొన్నాళ్లు చూద్దామా?

మీ అక్కకు మోకాలి వెనక గట్టిగా గడ్డ తగులుతోందని, నొప్పి లేదు కాబట్టి ఆగి చూద్దామా అని అడిగారు. ఆగొద్దండి. ముందు ఎక్స్‌రే తీయించండి.

మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా వదిన రోజూ గుమ్మం ముందు గొంతుకూర్చుని ముగ్గు పెట్టే మనిషి, ఉన్నట్టుండి నిలబడి వంగి పెట్టడం మొదలుపెట్టింది. అడిగితే "కాలు మడత పడట్లేదు, నొప్పేం లేదులే" అనేది. దగ్గర్లోని క్లినిక్‌లో కొవ్వు గడ్డ, చిన్న కోత పెట్టి తీసేస్తాం అన్నారు. అన్నయ్య ఒప్పుకోలేదు, అదే మంచిదైంది. ఇక బంధువులు, నూనె మర్దనా అని ఒకరు, పసుపు పట్టు అని ఇంకొకరు. గడ్డ ఏదైనా వాట్సాప్‌లో వైద్యం చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చివరికి ఎముకల క్యాన్సర్లు చూసే సర్జన్ దగ్గరికి వెళ్లాం. ఆయన ఎక్స్‌రే లైటు మీద పెట్టాడు. తొడ ఎముక కింది కొసన, వెనకవైపు, గోడకు కొట్టిన పిడకలా తెల్లటి ముద్ద. ముద్దకూ ఎముకకూ మధ్య కొంతమేర వెంట్రుకంత నల్ల గీత, దాని వెంబడే పెన్ను మొన నడిపి చూపించాడు. పారోస్టియల్ ఆస్టియోసార్కోమా అట. ఎముక లోపల కాకుండా పైన పుట్టే క్యాన్సర్, ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్లలో నూటికి 4, 5 మాత్రమే ఇవి. మామూలు రకం టీనేజీ పిల్లల్లో ఎక్కువ, ఇది 20-40 ఏళ్లవాళ్లలో. ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది కాబట్టి చాలామంది పట్టించుకోరు.

అలాగని ప్రతి ముద్దా క్యాన్సర్ కాదు. దెబ్బ తగిలాక కండలో ఎముక కట్టే మైయోసైటిస్ ఆసిఫికాన్స్ కూడా ఇలాగే కనిపిస్తుంది. కాకపోతే అది అంచుల్లో గట్టిపడుతుంది, ఇది మధ్యలో దట్టంగా ఉంటుంది. అనుభవం ఉన్న కళ్లే తేల్చాలి.

బయాప్సీ, అంటే పరీక్షకు సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీయడం, మాత్రం ఎక్కడపడితే అక్కడ చేయించొద్దు. సూది వెళ్లిన దారిలో కణాలు మిగలొచ్చు, అందుకే ఆపరేషన్‌లో ఆ దారిని కూడా కోసి తీసేస్తారు. ఎక్కడ గుచ్చాలో ఆపరేషన్ చేసే సర్జనే చెప్పాలి. వదినది తక్కువ గ్రేడ్, అంటే మెల్లగా పెరిగే రకం, చుట్టూ కొంత మంచి కండతో సహా మొత్తం తీసేశారు, కీమో అక్కర్లేకపోయింది. తీసిన ముద్దలో హైగ్రేడ్, అంటే వేగంగా పెరిగే భాగం కనిపిస్తే కీమో ఇస్తారు. ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు, ఊపిరితిత్తులకూ పాకొచ్చు గనక ఇప్పటికీ ఛాతీ స్కాన్‌కు వెళ్తూనే ఉంది.

మీరూ బెంగళూరే అన్నారుగా, కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించండి. ఫిల్ములు, సీడీలు, బయాప్సీ స్లైడ్లు అడిగి తీసుకుని దాచుకోండి, లేదంటే వెళ్లిన ప్రతిచోటా అన్నీ మళ్లీ తీయిస్తారు.