పెరటి ముచ్చట: టమాటా తీసి వంగ వేయొచ్చా?

ప్రశ్న: పెరట్లో ఇటుకలు పేర్చి నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవుతో ఎత్తు మడులు మూడు కట్టుకున్నాం. ఒక దాంట్లో మూడేళ్ళుగా టమాటానే వేస్తున్నాను. మొదటి ఏడు విరగకాసింది. దసరాకు నాటిన ఈ మొక్కలు మాత్రం ఎదుగూబొదుగూ లేకుండా మధ్యాహ్నానికి వాడిపోతున్నాయి. ఒకటి పీకి చూస్తే వేళ్ళ నిండా బుడిపెలు. చాలా టెన్షన్‌గా ఉంది. వీటిని తీసేసి వంగ వేయమంటారా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వంగ వద్దమ్మా. టమాటా, వంగ, మిరప ఒకే కుటుంబం. పేరు మారినా మట్టిలోని తెగులుకు తిండి మారదు. గుంటూరు పక్క మా ఊళ్ళో మా నాన్నగారు మిరప వేసిన చెక్కలో మరుసటి ఏడు వంగ నారు కూడా పెట్టనిచ్చేవారు కాదు.

మీరు చెప్పినదాన్ని బట్టి అవి నులిపురుగుల (మట్టిలో ఉండి వేళ్ళను పట్టే, కంటికి కనపడనంత సన్నటి పురుగులు, నెమటోడ్లు) బుడిపెలు. చిక్కుడు వేళ్ళకూ బుడిపెలుంటాయి గానీ అవి మంచివి, గోటితో గీరితే ఊడొస్తాయి. ఇవి వేరు తానే ఉబ్బి వచ్చినవి, ఊడవు. ఆ మొక్కల్ని వేళ్ళతో సహా తీసి బయట పారేయండి. కంపోస్టులో వేయకండి. నేను ఒకసారి వేశాను. ఆ ఎరువు పోసిన మడిలో బెండకూ బుడిపెలొచ్చాయి, ఆ ఏడు బెండకాయ తినలేదు. పలుగు, తాపీ కడిగాకే పక్క మడిలో పెట్టండి.

ఇప్పుడు ఆ మడి నిండా బంతి వేయండి. మూలకో మొక్క చాలదు, ఒత్తుగా ఉండాలి. బంతి వేళ్ళ నుంచి వచ్చే పదార్థం ఈ పురుగుల్ని అణుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మట్టి తడిపి, పారదర్శకమైన పాలిథిన్ షీటు పరిచి, అంచులు మట్టితో మూసి ఆరు వారాలు ఉంచండి. ఎండ లోపలికి దిగాలి కాబట్టి నల్ల షీటు వద్దు. తొలకరికి జనుము చల్లండి. పూత మొదలవగానే కోసి అక్కడే కలిపేయండి. జనుము మట్టికి నత్రజనినిస్తుంది, ఈ పురుగులకు మాత్రం సరైన తిండి కాదు. అందుకే నాకు దాని మీద అంత ప్రేమ. మూడు వారాలు చివకనిచ్చి, రెండంగుళాల మాగిన పశువుల ఎరువు, ముప్పావు కిలో వేపపిండి కలిపి ఉల్లి నాటండి. బెండ, దోస, బీర, చిక్కుడు జాతులకూ ఈ పురుగు పడుతుంది, తొందరపడి వేయకండి.

మడిలో మట్టి ఏటా కుంగడం సహజం, అందులోని చివుకు కరిగిపోతుంది. ఎరువుతో నింపుకోవాలి. కాలు మాత్రం పెట్టకండి. నాలుగడుగుల మడికి అటూ ఇటూ చెయ్యి అందుతుంది.

ఆ మడిలోకి టమాటా మూడేళ్ళ తర్వాతే. ఈలోగా కావాలంటే పెద్ద కుండీలో కొత్త మట్టి పోసి రెండు మొక్కలు పెంచుకోండి. ఆ కుండీని మాత్రం మడి మీద పెట్టకండి, అడుగు చిల్లుల్లోంచి వేళ్ళు కిందకు దిగుతాయి.