నీ కథలో ఇరవై ఆరు సార్లు వచ్చిన ‘భూమి’

చిక్కడపల్లి,
హైదరాబాదు.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. శంకర్‌పల్లి దగ్గర తన మూడెకరాలు అమ్ముకున్న ముసలాయన, రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు కూడా అలవాటు కొద్దీ పొద్దున్నే అటు నడిచి, కొత్తగా పాతిన హద్దు రాతి కడీల దగ్గర ఆగిపోయే చోటు నన్ను కదిలించింది. కథ నడక గురించి నీవు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. ఈ ఉత్తరం ఒక్క మాట గురించే. పదకొండు పేజీలలో ‘భూమి’ ఇరవై ఆరు సార్లు వచ్చింది. పెన్సిలుతో గీస్తూ లెక్కపెట్టాను. చదువంతా ఇంగ్లిషులో సాగడం వల్ల వాక్యం ముందు ఆ భాషలోనే తోస్తుందని నీవే ఒకసారి చెప్పావు కనుక, ఆ ఇరవై ఆరింటి వెనకా ‘ల్యాండ్’ నిలబడి ఉందని పోల్చుకోగలిగాను.

ఆ మాట ఇంగ్లిషులో చాలా బరువు మోస్తుంది. సముద్రం పక్కన పెడితే అది ఒడ్డు, పరాయి దేశంలో ఉన్నవాడికి సొంత దేశం, వకీలుకు స్థిరాస్తి, రైతుకు పొలం. విమానం సంగతి వచ్చేసరికి క్రియగా మారి దిగడం అవుతుంది. అక్కడ పక్కనున్న మాటలు అర్థాన్ని తేలుస్తాయి. మనకు అంత అవసరం లేదు, ఎందుకంటే ఒక్కో సందర్భానికి ఒక్కో మాట ముందే సిద్ధంగా ఉంది. కాళ్ల కింద ఉండేది నేల. నేల మీద కూర్చుంటాం, నేల మీద పడుకుంటాం. సినిమాహాల్లో తెర ముందు కూర్చునేవాళ్లు కొన్నది నేల టికెట్టు. భూమి హక్కుకు సంబంధించినది. పంచుకునేది, అడిగేది, కొట్లాడి తీసుకునేది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూమిలేని దళితులు ఎనభై ఎకరాలు కావాలని వినోబా భావేతో చెప్పుకున్నప్పుడు, ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానని లేచారు. అప్పుడు మొదలైనదానికి భూదానమనే పేరు వచ్చింది. అంతకు ముందు తెలంగాణ సాయుధ పోరాటంలో పల్లెలు ఎత్తుకున్న నినాదమూ ‘దున్నేవానిదే భూమి’. ఆ రెండు చోట్లా నేల అని పెట్టి చూడు, మాటలో బలం సడలిపోతుంది.

ఇప్పుడు నీ నాలుగో పేజీకి వస్తాను. “ఆయన వంగి భూమిని గుప్పిట్లోకి తీసుకుని వాసన చూశాడు” అని రాశావు. భూమి గుప్పిట్లోకి రాదు. వచ్చేది మన్ను. కాలికి అంటేది, గోళ్లలో ఇరుక్కునేది, బాలకృష్ణుడు తిన్నది, చనిపోయినవాళ్లకు మనం పిడికెడు వేసి వచ్చేది మన్నే. ఆ ముసలాయన పట్టా ఇచ్చేశాడు కనుక భూమి ఆయనది కాదు, మన్ను మాత్రం ఇంకా ఆయన చేతిలో ఉంది. నీ కథ చెప్పదలచుకున్నదంతా ఆ తేడాలోనే ఉంది, ఒక్క మాట మార్చితే వాక్యం తనంత తానే పలుకుతుంది.

అలాగే ఆయన సేద్యం చేసింది ఎటువంటి నేల? ఎర్ర చెలక అయితే వాన కురిసిన మర్నాటికే కాలు దిగకుండా నడవవచ్చు. నల్లరేగడి అయితే చెప్పులకు ముద్దలు ముద్దలుగా అంటుకుని అడుగు తీయనివ్వదు, ఎండాకాలంలో చేయి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. దుబ్బ నేల నీటిని నిలుపుకోదు. చౌడు నేలలో పైరు ఎదగదు కానీ, ఆ చౌడు మన్ను తెచ్చి బట్టలు ఉతికిన ఇళ్లు ఉన్నాయి. వాన వెలిసిన తర్వాత ఆయన పొలం గట్టున నడిచాడని రాసిన నీకు ఇది తెలిసి తీరాలి, లేకపోతే ఆ నడక ఎలా ఉంటుందో నీవు రాయలేవు. నీళ్లు పారే పొలాన్ని తెలంగాణ రికార్డులు తరి అన్నాయి, వానమీద ఆధారపడేదాన్ని ఖుష్కీ అన్నాయి. అవే కోస్తాలో మాగాణి, మెట్ట. పొలాల సాగు వివరాలు రాసే దస్త్రం ఇక్కడ పహాణీ, అక్కడ అడంగల్. నీ ముసలాయన నోట మెట్ట అని పలికించావు. శంకర్‌పల్లిలో ఆయన చెలక అంటాడు.

ఈ విషయంలో నాకు తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. పత్రికలో చేరిన కొత్తలో ఒక ఊరి భూముల మీద వచ్చిన ఇంగ్లిషు నివేదికను తెలుగు చేశాను. అందులో ‘వేస్ట్‌ల్యాండ్’ అని ఉన్న ప్రతిచోటా ‘పనికిరాని భూమి’ అని రాశాను. కొన్నాళ్లకు ఆ ఊరు వెళ్లవలసి వచ్చింది. గొర్లు కాసే పెద్దాయన ఒకాయన నన్ను గుట్ట కిందికి తీసుకెళ్లి, మోకాలెత్తు గడ్డి, నడుమ కుంట, చుట్టూ మేస్తున్న మంద చూపించి, “ఇది మా బంచరాయి సారూ, పనికిరాదని ఎవరన్నరు?” అని అడిగాడు. శిస్తు రాని నేలను ప్రభుత్వం ఏ పేరుతో పిలిచిందో నేను తెలుగు చేశాను, ఊరు ఏ పేరుతో పిలిచిందో అడగలేదు. పోరంబోకు అన్న మాట కూడా అటువంటిదే. తమిళం నుంచి వచ్చింది, లెక్కకు బయట పడినదని దాని భావం. లెక్క ఎవరిదో వాళ్ల చూపు ఆ మాటలో ఉంటుంది. ఆ రోజు నుంచి బంజరు, బీడు, బంచరాయి, పోరంబోకు అన్న మాటలను ఒకదాని బదులు ఇంకొకటి వాడలేదు.

పర్యాయపదాల కోసం నీవు నిఘంటువు తెరిచావని ఏడో పేజీలో తెలిసిపోయింది. అక్కడ హఠాత్తుగా ‘వసుధ’, ‘ధరణి’ వచ్చాయి. అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశంలో రెండో కాండ భూమివర్గంతోనే మొదలవుతుంది, తప్పక చదువు. కానీ ఆ పేర్లను ఒకే వస్తువుకు తగిలించిన చీటీలుగా చూడకు. కదలదు కనుక అచల, అన్నీ ఓర్చుకుంటుంది కనుక సర్వంసహ, సంపదను ధరిస్తుంది కనుక వసుధ. అమరసింహుడు అంతటితో ఆగలేదు. అన్ని పైర్లూ పండేదాన్ని ఉర్వర అని, ఉప్పు మన్నును ఊషమని విడిగా చెప్పాడు. ఇక ధరణి సంగతి వేరు. 2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్‌కు ఆ పేరు పెట్టినప్పటి నుంచి, తెలంగాణ పాఠకుడికి ఆ మాట వినగానే భూమి పాసుపుస్తకం గుర్తుకొస్తుంది. 2025లో దాని బదులు భూభారతి వచ్చినా ఆ గుర్తు అంత త్వరగా చెరగదు. నీ కథలో అది కావాలంటే కావాలనే వాడు, అందం కోసం మాత్రం వద్దు.

‘గ్రౌండ్’ గురించి రెండు ముక్కలే. అది నేల కావచ్చు, కోర్టు తీర్పులో కారణం కావచ్చు, వంటలో పొడి చేసినదని అర్థం ఇచ్చే క్రియారూపం కావచ్చు. అనువాదం చేసేటప్పుడు వాక్యం చివరిదాకా చదివి కలం పట్టు. నీ కథలో మనవడు బంతాట ఆడే చోటు ‘మైదానం’ అని రాశావు. మన బస్తీ పిల్లలు గ్రౌండ్ అనే అంటారు, వాళ్ల మాటల్లో అదే ఉండనీ.

ఆ మనవడి నోట ఇంకో మాట కూడా పెట్టు. తాత చెలక అన్నదాన్ని, కొన్నవాడు ప్లాట్లు చేశాక, మనవడు జాగ అంటాడు. ఎకరం నలభై గుంటలని తాతకు తెలుసు, నాలుగు వేల ఎనిమిది వందల నలభై గజాలని మనవడికి తెలుసు. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని ఒకే నేల గురించి మాట్లాడుతూ రెండు వేరు మాటలు వాడే సన్నివేశం నీ కథలో లేదు. దాన్ని తొమ్మిదో పేజీలో, వాళ్లు అన్నం తినే చోట రాయి.

ఇంకొకటి. ఊళ్లో ప్రతి చెలకకూ ఒక పేరుంటుంది, చెట్టును బట్టో, బావిని బట్టో, ఒకప్పుడు దున్నినవాళ్లను బట్టో. నీ ముసలాయన చెలక పేరేమిటో కథలో ఎక్కడా లేదు. ఈసారి ఊరు వెళ్లినప్పుడు నాలుగైదు పేర్లు అడిగి రాసుకుని, ఆయనకు ఒకటి ఇచ్చి, కథ మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
నీ పెద్దన్న