మూసీ ఒడ్డున పక్షుల కోసం 500 మొక్కలు నాటొచ్చా?

ప్రశ్న: నాగోల్ దగ్గర మా కాలనీ వెనక మూసీ ఒడ్డు 300 మీటర్ల దాకా ఉంది. ఇదివరకు కొంగలు, నీటికాకులు బాగా కనిపించేవి. రాత్రిళ్లు ట్రాక్టర్లలో మలబా (కూల్చిన ఇళ్ల ఇటుక, సిమెంటు చెత్త) తెచ్చి పోస్తుండటంతో తగ్గిపోయాయి. 500 మొక్కలు ఉచితంగా వచ్చాయి, ఈ వానల్లో నాటేద్దామని అనుకుంటున్నాం. చేసినవాళ్లెవరైనా చెప్పండి.

జవాబు:

నీళ్ల అంచున ఒక్కటి కూడా నాటకండి. 500లో 80, మహా అయితే 100 చాలు, అవీ పైగట్టు మీదే. మిగతావి కాలనీ రోడ్లకు వాడుకోండి.

కొంగలు, ఉల్లంకి పిట్టలు మేతకు వచ్చేది చెట్టు కోసం కాదు, బురద కోసం. ఏది ఎక్కడ నిలబడుతుందో దాని కాలి పొడుగే చెబుతుంది. చిన్న ఉల్లంకికి తడి బురద, లేదంటే నాలుగైదు సెంటీమీటర్ల నీళ్లు. ఎర్రటి పొడుగు కాళ్ల స్టిల్టుకు 15 దాకా. నారాయణ పక్షి 30 సెం.మీ.లో కూడా నిలబడుతుంది. నీటికాకికి మునగడానికి అర మీటరు పైన కావాలి. ఒడ్డు ఏటవాలుగా ఉంటే ఇవన్నీ పక్కపక్కనే దొరుకుతాయి. నిటారుగా ఉంటే నీటికాకి తప్ప ఏదీ మిగలదు. పైగా అంచున గుబురుగా చెట్లుంటే బురదలో మేసే పిట్ట దిగనే దిగదు, చాటున కుక్క ఉందో గద్ద ఉందో దానికి కనపడదు మరి.

కాబట్టి మొదటి పని కొలవడం. వెదురు కర్రకు 10 సెం.మీ.కు ఒక రంగు గీత పెట్టండి. ఒడ్డు పొడుగునా 20 మీటర్లకొక చోట, అంచు నుంచి 1, 3, 5 మీటర్ల దూరంలో దించి లోతు రాసుకోండి. 300 మీటర్లకు 16 చోట్లు, ఒక పూట పని. దిగే మనిషికి గమ్‌బూట్లు, నడుముకు తాడు, ఆ తాడు కొస గట్టు మీదున్న మనిషి చేతిలో ఉండాలి. మూసీ బురద పైకి గట్టిగా కనిపించి మోకాలి దాకా దిగబడుతుంది. నీళ్లు పిక్క దాటితే అక్కడే ఆగి "లోతు" అని రాయండి చాలు. అది మురుగునీరు, కాలికి చిన్న గీత ఉన్నా దిగొద్దు. అందరూ టీటీ ఇంజక్షన్ వేయించుకోండి.

అంచున ఒక్క మీటరుకే మోకాలి లోతు వస్తున్న చోట మలబా నీళ్లలోకి జారి ఒడ్డును నిటారుగా చేసిందన్నమాట. ముందు తీయాల్సింది అక్కడే. 20 మీటర్ల పొడుగు, 10 మీటర్ల వెడల్పు, ముప్పావు మీటరు మందం అంటే 150 ఘనపు మీటర్లు. ట్రాలీకి 3 చొప్పున 50 ట్రిప్పులు. దాన్ని ఇంకో గుంతలో పోయించకండి, ఫతుల్లాగూడలోనే నిర్మాణ వ్యర్థాల ప్లాంటు ఉంది. జేసీబీ వాడికి ముందే చెప్పాలి: ఇటుక, సిమెంటు ముక్కలు పోయి పాత మట్టి కనిపించగానే బకెట్ ఆపాలి. లోతుగా గీకితే అక్కడ మళ్లీ గుంటే అవుతుంది. ఒక మీటరు దిగడానికి 8 నుంచి 10 మీటర్ల వాలు ఉండేలా లాగించండి. జాగా లేకపోతే 6 మీటర్లయినా పర్వాలేదు. రాతి గోడ కడదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, ఒప్పుకోకండి.

ఎప్పుడు చేయాలనేదే అసలు చిక్కు. పైగట్టు పని నవంబరు–ఫిబ్రవరిలో, నీళ్లకు 50 మీటర్ల ఇవతల. అప్పుడు అంచున వలస పిట్టలు మేస్తుంటాయి. అంచు పని ఏప్రిల్–మేలో, అవి వెళ్లిపోయాక. కానీ అదే కాలంలో తీతువు పిట్ట కటిక నేల మీద, గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. మట్టి రంగు మీద నల్ల మచ్చలు, సాధారణంగా నాలుగు, కొసలు లోపలికి తిరిగి ఉంటాయి. కాలు పెట్టేదాకా కనపడవు. మిషను దిగే రోజు పొద్దున్నే ఇద్దరు నడిచి చూడాలి. నెత్తి మీద అరుస్తూ తిరిగే తీతువుంటే ఆ చుట్టుపక్కల 30 మీటర్లు వదిలేసి వేరే ముక్క మొదలుపెట్టండి.

మలబా తీసిన వారానికే మళ్లీ పోస్తారు, అది మామూలే. దారి మొదట్లో బండరాళ్లు పెట్టించండి, మధ్య సందు ఒక మీటరు. బర్రె దూరి వెళ్తుంది, ట్రాక్టరు కాదు గదా ట్రాలీ ఆటో కూడా పట్టదు. ఇవేవీ అనుమతి లేకుండా చేయకండి. తహసీల్దార్ ఆఫీసులో, ఇరిగేషన్ వాళ్ల దగ్గర, మూసీ రివర్‌ఫ్రంట్ కార్పొరేషన్‌లో ఒకే లెటరు ఇచ్చి రసీదు ముద్ర తీసుకోండి. 2012 నాటి భవన నిబంధనల్లో నగర పరిధిలో నది అంచు నుంచి 50 మీటర్లు బఫర్‌గా ఉంది, లెటర్లో ఆ మాట రాయండి.

గుర్రపు డెక్క మురుగు తిని రెండు వారాల్లో రెట్టింపవుతుంది. నది మొత్తం శుభ్రం చేద్దామనుకుంటే ఓడిపోతారు. మీ లోతు తక్కువ ముక్కను మాత్రం కాపాడుకోండి. డెక్క అందులోకి కొట్టుకు రాకుండా, రెండు వైపులా మూతలు అతికించిన 110 ఎం.ఎం. పీవీసీ పైపు ముక్కలను 12 ఎం.ఎం. నైలాన్ తాడుకు వరసగా కట్టి, ఎగువ కొస నుంచి నీటిలోకి వాలుగా వదలండి, నదికి అడ్డంగా కాదు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తుతున్నారని వార్త రాగానే దిగువ కొస విప్పేయండి, తాడు ఒడ్డుకు వచ్చి పడుతుంది. మరిచిపోతే పైపులు చాదర్‌ఘాట్ నుంచి వచ్చిన చెత్తతో కలిసి వెళ్లిపోతాయి. తీసిన డెక్కను కంపోస్టు చేసినా కూరగాయల మడికి వేయొద్దు, మూసీ నీళ్లలోని భార లోహాలు అందులో చేరతాయి.

జమ్ము మీరు నాటక్కర్లేదు, అదే వస్తుంది. నీటికోళ్లు అందులోనే గూడు కడతాయి కాబట్టి ఏటా మూడో వంతే కోయండి. ఎండాకాలం మొదట్లో, గూళ్లు మొదలవకముందు, నీటి మట్టానికి ఒక జానెడు కింద కోయాలి. కాడల్లోంచి వేరుకు గాలి అందక కుళ్లుతుంది. పైన కోస్తే నెలలో మళ్లీ అంతే.

సర్కారు తుమ్మను చూడగానే నరకాలనిపిస్తుంది. కింద ఆకుల మీద తెల్లటి రెట్టలు మందంగా ఉంటే ఆగండి, కొంగలు రాత్రిళ్లు పడుకునేది అక్కడే. మూడేళ్లలో మూడు వంతులుగా, జులై–నవంబరు వదిలేసి తీయండి. మొద్దు వదిలితే పది కొమ్మలు వేస్తుంది, నేలకు అడుగు కిందనుంచి వేరుతో లేపాలి.

ఇక మొక్కలు: ఏరుమద్ది, కానుగ, మేడి, నేరేడు. రెండడుగుల గుంత, 5 మీటర్ల ఎడం, రెండు ఎండాకాలాలు నీళ్లు. గిజిగాళ్లకు ఈత నాలుగైదు. నడిచే దారికి, నీటికి మధ్య వావిలి రెండు వరసలు మీటరు ఎడంతో వేస్తే మనుషుల్ని చూసి పిట్టలు లేవవు. కోనోకార్పస్ ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

సంక్రాంతి అయిన మర్నాడే చెట్లకు వేలాడే మాంజా తీయించండి, కొక్కెం కట్టిన పొడుగు గడ చాలు. ఎండల్లో మెడ నిలపలేక వాలిపోయిన పక్షులు కనిపిస్తే బోటులిజం (బ్యాక్టీరియా విషంతో వచ్చే పక్షవాతం) కావొచ్చు. చనిపోయినవాటిని గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకండి, పశుసంవర్ధక శాఖకు చెప్పి వాళ్లు చెప్పినట్టు అదే రోజు తీయించండి. కళేబరం మీద పట్టిన పురుగులు తిన్నవి కూడా చస్తాయి.

కర్ర కొలతలు తీశాక ఇక్కడే పెట్టండి, ఏ ముక్కతో మొదలుపెట్టాలో చూసి చెప్తాను.