మా నాయనమ్మకున్న గుండెధైర్యం నాకెందుకు లేదు?

ప్రశ్న: నా వయసు 29. మాదాపూర్‌లో చేస్తున్న ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. చిన్న మాటకే కన్నీళ్లు వస్తున్నాయి. మా నాయనమ్మ 1972 కరువులో చంటిబిడ్డను చంకనేసుకుని పాలమూరు నుంచి ఈ నగరానికి వచ్చి, అడ్డా మీద నిలబడి కూలి చేసి నలుగురిని పెంచింది. ఎట్లా తట్టుకున్నావని అడిగితే, "ఏముంది బిడ్డా, ఎల్లిపోయింది" అని ఊరుకుంటుంది. ఆమె ధైర్యాన్ని నేను నేర్చుకునే దారి ఏమిటి?
- ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: మీ నాయనమ్మగారిని మీరు కష్టం గడిచిన 50 ఏళ్లకు చూస్తూ, మిమ్మల్ని మాత్రం కష్టం మొదలైన నాలుగో నెలలో చూసుకుంటున్నారు. ఈ పోలికలో మీకు అన్యాయం జరుగుతోంది.

"ఎట్లా తట్టుకున్నావు" అన్న పెద్ద ప్రశ్నకు ఆమె దగ్గర కూడా జవాబు ఉండకపోవచ్చు. చిన్నవి అడగండి. నగరంలో దిగిన మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు, పని దొరకని రోజున బియ్యం చేబదులిచ్చింది ఎవరు, కూలికి వెళ్లేటప్పుడు బిడ్డను ఎవరికి అప్పజెప్పేవారు?

ఇది మా అత్తగారి దగ్గర నాకు తెలిసివచ్చిన సంగతి. 2000 ఆగస్టులో ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసి హైదరాబాద్ మునిగినప్పుడు, మా ఇంట్లోకి నడుములోతు నీళ్లు వచ్చాయి. ఆవిడ కంట తడి పెట్టలేదని మేమందరం ఏళ్ల తరబడి చెప్పుకున్నాం గానీ, ఆ మర్నాడు ఏం చేశారని ఎవరమూ అడగలేదు. అడిగిన రోజున చెప్పారు. పిల్లల సర్టిఫికెట్లను ఒక్కొక్కటిగా విడదీసి, పక్కింటివారి మేడ మీద పాత చీర పరిచి, ఎగిరిపోకుండా ప్రతి కాగితం మీద ఒక గులకరాయి పెట్టి ఆరబెట్టారట. సాయంత్రం ఆ పక్కింటావిడ అన్నం కలిపి తెచ్చినప్పుడు, ముద్ద దిగక, ఆమె భుజం మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారట. మాకు తెలిసిన ధైర్యంలో ఆ ఏడుపు, ఆ పక్కింటావిడ ఎన్నడూ లేరు.

అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షల్ డ్యూక్, రోబిన్ ఫైవుష్ 20 ప్రశ్నలతో చేసిన పరిశీలనలో, కుటుంబ చరిత్ర బాగా తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, తమ జీవితం తమ చేతిలో ఉందన్న భావన ఎక్కువగా కనిపించాయి. అయితే చరిత్ర అంటే గెలుపులు మాత్రమే చెప్పుకోవడం కాదు, చితికిపోయిన రోజులూ అందులో ఉండాలి. ఆమె ఏదైనా చెప్పడానికి ఇష్టపడకపోతే మాత్రం తవ్వకండి. కొన్ని గాయాలు మాటతో మళ్లీ రేగుతాయి.

మీకు నిద్ర, ఆకలి తగ్గి వారాలు గడుస్తుంటే, మానసిక ఆరోగ్య సలహా కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేయండి. అది ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ ఆదివారం ఆమె చింతపండు గింజలు తీస్తూనో, బియ్యం ఏరుతూనో ఉంటే పక్కన కూర్చుని మీరూ ఒక చేయి వేయండి. ఉద్యోగం పోయిన సంగతి ఆమె దగ్గర దాచి ఉంటే, ప్రశ్నల కంటే ముందు అది చెప్పండి.