కదిలితే తేలిక, ఆగితే భారం: గోల్డ్ వింగ్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నాకు యాభై మూడేళ్లు. పాతికేళ్లుగా 350 సీసీ బండి నడుపుతున్నాను. కిందటేడు అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు, వాళ్ల పక్కింటి పెద్దాయన భార్యను వెనక కూర్చోబెట్టుకుని హోండా గోల్డ్ వింగ్ మీద వారాల తరబడి తిరిగి రావడం చూశాను. అప్పటినుంచి ఆ బండి మీదే మనసు. దానిలో అంత గొప్ప ఏముంది? హైదరాబాదులో కొనుక్కుంటే పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఈ బండి గొప్పతనం వేగంలో లేదు, ఇంజిన్ ఆకారంలో ఉంది. పక్కకు మూడు చొప్పున ఆరు సిలిండర్లు నేలకు సమాంతరంగా పడుకుని ఉంటాయి. ఒక పక్క పిస్టన్ బయటికి వెళ్లేటప్పుడు ఎదుటి పక్కదీ బయటికే వెళ్తుంది కనుక ఒకదాని ఊపును రెండోది చంపేస్తుంది, చేతులకు వణుకు దాదాపుగా అందదు. బరువంతా కిందనే ఉండటం వల్ల 390 కిలోల బండి కూడా కదిలిన పది గజాలకే తేలికపడుతుంది. 1833 సీసీల ఈ ఇంజిన్ 170 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అంటే చక్రాన్ని తిప్పే బలాన్ని, 4500 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దగ్గరే అందిస్తుంది కాబట్టి, ఇద్దరు మనుషులతో, నిండు సామానుతో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నా ఆయాసపడినట్టు అనిపించదు. వెనక చక్రాన్ని చైను కాక షాఫ్ట్ అనే ఇనుప కడ్డీ తిప్పుతుంది, అంటే చైనుకు నూనె పెట్టే పని జన్మలో ఉండదు.

1974లో జర్మనీలోని కొలోన్ ప్రదర్శనలో తొలిసారి కనిపించినప్పుడు ఇది నాలుగు సిలిండర్ల, 999 సీసీ బండి మాత్రమే. గాలిని ఆపే అద్దం, సామాను పెట్టెలు కొన్నవాళ్లే తమ ఖర్చుతో బిగించుకుని దేశాలు తిరిగారు. అది చూసిన హోండా 1980లో వాటిని తానే బిగించి అమ్మడం మొదలుపెట్టింది. ఆరు సిలిండర్లు, వాటితో పాటు రివర్సూ 1988 మోడల్‌తో వచ్చాయి. మోటార్‌సైకిల్‌కు రివర్స్ ఏమిటని నవ్వుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ నవ్వు అరిజోనాలో ఆగిపోయింది. నేనూ మా ఆవిడా ఈ బండిని అద్దెకు తీసుకుని ఫీనిక్స్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్‌కు వెళ్లాం. ఎడారిలో బయలుదేరి పదిహేడు వందల మీటర్లకు పైగా ఎత్తెక్కి పైన్ చెట్ల చలిలోకి చేరే దారి అది. హెల్మెట్ మైకులో ఆవిడ కబుర్లు ఉన్నట్టుండి ఆగిపోయాయేమిటా అని అద్దంలో చూస్తే, వెనక సీటుకు చేరగిలబడి హాయిగా కునుకు తీస్తోంది. ఆ బండికి అంతకంటే మంచి యోగ్యతాపత్రం నేను ఇవ్వలేను. కానీ అదే సాయంత్రం ఒక పెట్రోలు బంకు దగ్గర, వాలుగా ఉన్న కంకర నేల మీద, హ్యాండిల్ తిప్పి ఉండగానే ముందు బ్రేకు పట్టుకున్నాను. బండి మెల్లగా, మర్యాదగా, నన్ను అడగకుండానే పక్కకు ఒరిగిపోయింది. ఇంజిన్ గార్డు మీద ఆనుకుని నిలిచింది కాబట్టి గీతలతో సరిపోయింది. చేతులతో ఎత్తబోతే అంగుళం కదలలేదు. చివరికి సీటుకు నడుము ఆనించి, వీపు బండివైపు పెట్టి, మోకాళ్ల బలంతో చిన్నచిన్న అడుగులు వెనక్కి వేస్తేనే అది లేచింది, అప్పటికి నా చొక్కా తడిసి ముద్దయింది.

ఈ బండి పెట్టే ఇబ్బంది అంతా గంటకు పది కిలోమీటర్ల లోపు వేగంలోనే ఉంది, మన నగరంలో మీరు ఎక్కువసేపు ఉండేది ఆ వేగంలోనే. నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ 130 మిల్లీమీటర్లు మాత్రమే కనుక కాలనీల్లో ఎవరికివారు కట్టుకున్న స్పీడ్ బ్రేకర్లు మీకు పరీక్ష పెడతాయి. విశాలమైన రోడ్డు కావాలని ఔటర్ రింగ్ రోడ్డు వైపు తిప్పితే అక్కడ ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు, బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్ వే ప్రధాన దారిలో కూడా 2023 ఆగస్టు నుంచి అదే నిషేధం. చాలా కార్లకంటే బలమైన ఇంజిన్ ఉన్నా చట్టం దృష్టిలో ఇది స్కూటరుకు వరసే.

ధర విషయానికొస్తే, బండి జపాన్ నుంచి పూర్తిగా తయారై దిగుమతి అవుతుంది, 2025 మేలో షోరూము ధరే దాదాపు 40 లక్షలు. 350 సీసీ దాటిన బండ్లపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. దానిమీద లైఫ్ ట్యాక్స్, బీమా వేరే. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడకూడదు కనుక టైర్ల ధర గురించి ఇక్కడ రాయడం లేదు. సీటును వేడిచేసే ఏర్పాటుకూ మీరు డబ్బు కడుతున్నారని, అది కూకట్‌పల్లిలో మే నెలలో ఎవరికీ అక్కరలేదని మాత్రం గుర్తుచేస్తాను.

ఏడాదికి రెండు మూడు సార్లయినా వెయ్యి కిలోమీటర్లు దాటే ప్రయాణం, అదీ ఇద్దరు కలిసి, నిజంగా చేస్తారా? చేస్తే కొనండి. ఆదివారం ఉదయం టిఫిన్‌కు శంషాబాదు దాకా వెళ్లి రావడానికైతే మీ పాత బండే మేలు.

ప్రశ్న: మావారు ఈ బండి కొంటానంటున్నారు. నాకు నడుము నొప్పి ఉంది. వెనక కూర్చోగలనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కూర్చోవడంలో ఇబ్బంది ఉండదమ్మా. టూర్ రకంలో వీపు ఆనించుకునే దిండు ఉంటుంది, 2018లో మార్చిన ముందు సస్పెన్షన్ వల్ల గతుకుల దెబ్బా తగ్గింది. పెట్టెలన్నీ కలిపి 121 లీటర్ల చోటు ఉంది కనుక ఒళ్లో సంచి పెట్టుకోనక్కరలేదు. జాగ్రత్త పడవలసింది ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. ఆయన రెండు కాళ్లూ నేల మీద గట్టిగా ఆనించి ‘ఊఁ’ అనేదాకా మీరు కాలు ఎత్తకండి. కొనే ముందు షోరూములో పావుగంట సీటు మీద కూర్చుని చూడండి, ఆయనను కాదు, మీ నడుమును అడిగి నిర్ణయించుకోండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటున్నాను. ఇక్కడ పాత గోల్డ్ వింగ్‌లు అందుబాటు ధరలో దొరుకుతున్నాయి. ఏం చూసి కొనాలి?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: ఈ బండి పుట్టింది మీ దగ్గరున్న లాంటి రోడ్ల కోసమే. 2001 మోడల్ నుంచి ఇంజిన్‌లో వాల్వులను సమయానికి తెరిచి మూయించే టైమింగ్ చైన్ ఉంటుంది. అంతకు ముందువాటిలో బెల్టు. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజినే పోతుంది కనుక బెల్టు ఎప్పుడు మార్చారో రుజువు అడగండి. ఎయిర్‌బ్యాగ్ 2006 మోడల్‌తో వచ్చింది. ఆ తొలి ఏళ్ల బండి అయితే దాన్ని ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్‌కు రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం) ఉందేమో ఛాసిస్ నంబరుతో సరిచూడండి. ఎక్కువ మైళ్లు తిరిగిన బండికి భయపడకండి, ఏళ్ల తరబడి గ్యారేజీలో నిలబడిపోయిన దానికి భయపడండి. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ టైరు తయారైన వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. చివరగా, కొంచెం వాలు ఉన్న చోట ఆపించి రివర్స్ వేయించి చూడండి. అమ్మేవాడు ‘అది ఎప్పుడూ వాడలేదండీ’ అంటే మాత్రం అది పనిచేయడం లేదనే అనుకోండి.